అరవై డాలర్లలో ఫాల్ పోర్చ్: సెప్టెంబర్ నుంచి థాంక్స్‌గివింగ్ దాకా ఒకటే అలంకరణ

ఇక్కడ ఫాల్ అంటే ఆకురాలే కాలం. సెప్టెంబర్ రెండో వారం దాటిందంటే మా న్యూజెర్సీ వీధిలో ఇళ్ళ ముందుకి గుమ్మడికాయలు వచ్చేస్తాయి. ఒకరి మెట్ల మీద చామంతి కుండీలు, ఇంకొకరి స్తంభాలకి ఎండిన మొక్కజొన్న చొప్ప, మరొకరి తలుపు మీద ఆకుల చక్రం. సొంతిల్లు తీసుకున్న ఏడాది నాకూ ఉత్సాహం ఆగలేదు. లేబర్ డే సేల్‌లో విరగబూసిన చామంతి కుండీలు నాలుగు, ఒక పెద్ద గుమ్మడికాయ, ప్లాస్టిక్ ఆకుల దండలు, తలుపుకి రెడీమేడ్ పూలచక్రం కలిపి నూట ఎనభై డాలర్లు పెట్టాను. పది రోజుల్లో చామంతులు మాడిపోయాయి. అక్టోబర్ మొదటి వారంలో ముచ్చటపడి చెక్కిన గుమ్మడికాయ ఆరో రోజుకి బూజుపట్టి లోపలికి కుంగిపోయింది. హాలోవీన్ నాడు, అంటే అక్టోబర్ 31న, పిల్లలు వేషాలేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరుగుతూ వచ్చేసరికి మా ఇంటి ముందు ప్లాస్టిక్ దండలే మిగిలాయి. ఆ రోజు చాలా బాధేసింది.

డబ్బు తక్కువై అలా జరగలేదు, వరస తెలియక జరిగింది. ఈ కాలంలో మనకి వరసగా నాలుగు పండుగలు వస్తాయి: దసరా, హాలోవీన్, దీపావళి, థాంక్స్‌గివింగ్. ఒక్కోదానికి విడిగా కొంటే జేబు ఖాళీ అవుతుంది. ఒకసారి పునాది గట్టిగా వేసుకుని, పైపైన చిన్న మార్పులు చేసుకుంటూ పోతే రెండున్నర నెలలూ ఇంటి ముందు కళ తగ్గదు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. కొన్న ప్రతి వస్తువూ చివరికి వంటింట్లోకో, మట్టిలోకో, వచ్చే ఏటి కోసం పెట్టెలోకో వెళ్ళాలి. చెత్తబుట్టలోకి వెళ్ళేదాన్ని కొనను. అప్పటినుంచి నా ఖర్చు అరవై డాలర్లు దాటలేదు.

మనం గుమ్మంలో బూడిద గుమ్మడికాయ వేలాడదీసే ఇళ్ళలో పుట్టినవాళ్ళం. చేలో దిష్టిబొమ్మని, పండక్కి బంతిపూల తోరణాన్ని చూస్తూ పెరిగినవాళ్ళం. అందుకే ఈ అలంకరణ నాకు పరాయిదిగా అనిపించదు. మీకూ అలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

1. కొనే ముందు కొలవండి, ఎండ చూడండి

టేపు తీసుకుని పోర్చ్, అంటే తలుపు ముందు కప్పు కింద ఉండే అరుగు, పొడవు, వెడల్పు కొలవండి. మాది ఆరడుగులకి ఐదడుగులు, ముందు మూడు మెట్లు. తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి ఎంత చోటు కావాలో చాక్‌పీసుతో నేల మీద గీసుకోండి. మెట్ల నుంచి తలుపు దాకా కనీసం మూడడుగుల దారి ఖాళీగా వదలాలి. హాలోవీన్ రాత్రి పిల్లలు చీకట్లో, కాళ్ళకి అడ్డంపడే బట్టలు వేసుకుని పరిగెత్తుకొస్తారు. పార్సిల్ తెచ్చేవాళ్ళూ అదే దారిన రావాలి.

తర్వాత పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి బయటికి వచ్చి ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. చామంతికి ఎండ కావాలి, గుమ్మడికాయకి నీడ కావాలి. ఏది ఎక్కడ పెట్టాలన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. మాకు మెట్ల మీద మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది, కప్పు కింద రోజంతా నీడే. కాబట్టి కుండీలు మెట్ల మీదకి, కాయలు లోపలికి.

మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే అలంకరణ ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉంచొచ్చో అడగండి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే గడ్డి, చొప్ప లాంటి మండే వస్తువులు పెట్టనిస్తారో లేదో ముందే కనుక్కోండి, చాలా చోట్ల ఒప్పుకోరు.

2. ఏది ఎప్పుడు కొనాలి

నా అనుభవంలో డబ్బు మిగిలేది ఇక్కడే. అన్నీ ఒకే రోజు కొనకూడదు.

సెప్టెంబర్ మూడో వారం: గడ్డి మోపు, చొప్ప కట్టలు, మొగ్గల మీదున్న చామంతులు. నెలాఖరుకి: పెద్ద గుమ్మడికాయ, తినే గుమ్మడికాయలు. అక్టోబర్ మధ్యలో: రాలిన ఆకులు, పైన్ కాయలు ఏరుకోవడం, ఇది ఉచితం. నవంబర్ మొదటి వారం: ఏమీ కొనక్కర్లేదు, కానీ షాపులు ఫాల్ సరుకుని సగం ధరకో అంతకన్నా తక్కువకో వదిలించుకునే వారం ఇదే. ఫోమ్ గుమ్మడికాయలు, లైట్ల దండలు కావాలనుకుంటే వచ్చే ఏటికి అప్పుడే కొని దాచండి.

నా లెక్క ఇలా ఉంటుంది, మీ ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. గడ్డి మోపు ఒకటి తొమ్మిది డాలర్లు. చొప్ప కట్టలు రెండు, పన్నెండు. చామంతి కుండీలు రెండు, పద్నాలుగు. పెద్ద గుమ్మడికాయ ఏడు. తినే రకం మధ్య సైజువి రెండు, ఎనిమిది. చిట్టి గుమ్మళ్ళ సంచి నాలుగు. తీగచక్రం, జనపనార తాడు కలిపి ఆరు. మొత్తం అరవై. రెండో ఏడు నుంచి చక్రం, తాడు కొనక్కర్లేదు కాబట్టి ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కొనే ముందు మీ ప్రాంతంలోని బై నథింగ్ గ్రూపులో, అంటే ఇరుగుపొరుగు వస్తువులు ఊరికే ఇచ్చిపుచ్చుకునే గ్రూపులో, ఒక మాట అడగండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ఐలాండ్‌లో 2013లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉంది. ఇళ్ళు మారేవాళ్ళు బుట్టలు, లాంతర్లు, పాత చెక్కపెట్టెలు ఊరికే ఇచ్చేస్తారు. మా పోర్చ్ మీదున్న యాపిల్ పెట్టె అలా వచ్చిందే.

3. ముందు కడగండి

చీపురు, బకెట్ నీళ్ళు, సబ్బు. సాలెగూళ్ళు దులిపి, తలుపు తుడిచి, లైటు మీది గాజు కడిగితే అక్కడికే ఇల్లు మారిపోయినట్టుంటుంది. కాలిపట్టా పాతబడితే మార్చండి. ఈ పనికి పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది దీన్ని వదిలేసి అలంకరణ తెచ్చి దుమ్ము మీద పెడతారు.

4. పునాది: గడ్డి మోపు, చొప్ప

రైతుల ఫార్మ్ స్టాండ్‌కి వెళ్ళినప్పుడు హే కావాలని అడగొద్దు, స్ట్రా కావాలని అడగండి. హే అంటే పశువుల మేత, గింజలతో సహా కోసి ఎండబెట్టింది. వానకి తడిస్తే దాంట్లోంచి మొలకలొస్తాయి. స్ట్రా అంటే గోధుమో ఓట్సో గింజ తీసేశాక మిగిలిన కాడ, మన వరిగడ్డి లాంటిది. బంగారు రంగులో ఉంటుంది, చవక, మొలకల బెడద తక్కువ. కారు డిక్కీలో పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టించుకోండి. పరవకపోతే ఆ పుల్లలు సంక్రాంతి దాకా కారులో దొరుకుతూనే ఉంటాయి.

మోపు సుమారు మూడడుగుల పొడవుంటుంది. దాన్ని తలుపుకి ఒక పక్కన, గోడకి అర అడుగు ఎడంగా పెట్టండి. గోడకి ఆనిస్తే తడి పట్టి మరక పడుతుంది, ఎలుకలకీ చోటు దొరుకుతుంది. కింద రెండు చెక్కముక్కలు పెడితే గాలి ఆడి కుళ్ళదు. ఇదే మీకు మెట్టు, బల్ల, పీట అన్నీ. దీని పక్కన యాపిల్ పెట్టెని బోర్లా పెడితే రెండు ఎత్తులు వచ్చేశాయి, నేలతో కలిపి మూడు. అన్నీ ఒకే ఎత్తులో వరసగా పేరిస్తే సంతలో అమ్మకానికి పెట్టినట్టుంటుంది. ఎత్తుపల్లాలుంటేనే కంటికి ఇంపు.

చొప్ప కట్టల్ని స్తంభాలకి కట్టాలి. స్తంభాలు లేకపోతే మెట్ల రెయిలింగ్‌కి కట్టండి. కింద మొదలు నేలకి ఆనాలి, పైన కంకి కొసలు తలుపు ఎత్తుకి రావాలి. ఎక్కువైతే కింది నుంచి కోసేయండి. జనపనార తాడుతో మూడు చోట్ల బిగించండి: మోకాలి ఎత్తులో, నడుము ఎత్తులో, భుజం ఎత్తులో. ఒక్క చోటే కడితే గాలికి మొత్తం తిరిగిపోతుంది. ఎండిన ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, చేతులకి గ్లోవ్స్ వేసుకోండి. రాత్రి గాలికి ఆ చొప్ప గలగలమంటుంటే మా నాన్న ఫోన్లో విని, “ఏంటమ్మా ఆ చప్పుడు, చేలో ఉన్నావా?” అని అడిగారు.

5. గుమ్మడికాయలు

ఇక్కడ నిదానంగా ఎంచుకోండి, ఎక్కువ రోజులు నిలవాల్సినవి ఇవే. గోటితో తొక్క మీద నొక్కండి. గోరు దిగితే అది లేత కాయ, వదిలేయండి. తొడిమ గట్టిగా, కాయకి అంటిపెట్టుకుని ఉండాలి. కాయని తిరగేసి అడుగు చూడండి, బొటనవేలితో చుట్టూ నొక్కండి. మెత్తటి మచ్చ ఎంత చిన్నదైనా వారంలో పెద్దదవుతుంది. ఎత్తేటప్పుడు తొడిమ పట్టుకుని ఎత్తొద్దు. తొడిమ ఊడిన చోట నుంచే కుళ్ళు మొదలవుతుంది. రెండు చేతులూ అడుగున వేసి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకోండి.

రకాల విషయానికొస్తే, చెక్కడానికి అమ్మే పెద్ద నారింజ రంగు కాయలో గుజ్జు పీచుగా, నీరుగా ఉంటుంది. తినకూడదని కాదు గానీ రుచి ఉండదు. అందుకే పెద్దది ఒకటే కొంటాను. మిగతావి షుగర్ పంప్కిన్, పై పంప్కిన్ అని అమ్మే చిన్న కాయలు. వీటి గుజ్జు గట్టిగా, తియ్యగా ఉండి మన మంచి గుమ్మడికి దగ్గరగా ఉంటుంది. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగితే సిండరెల్లా అని పిలిచే ఎర్రటి చదును కాయ ఒకటి తీసుకోండి. చూడ్డానికి రాజసంగా ఉంటుంది, పులుసులోకీ బాగుంటుంది. బొడిపెలు బొడిపెలుగా, పచ్చా పసుపూ చారలతో ఉండే అలంకారపు సొరకాయలు మాత్రం తినడానికి కావు, చేదు. వాటిని విడిగా ఉంచండి, వంటగదిలో కలిసిపోకూడదు.

ఇంటికి తెచ్చాక పెద్ద కాయని ఒక గాలన్ నీళ్ళలో ఒక టేబుల్‌స్పూన్ బ్లీచ్ కలిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తొక్క మీది బూజు బీజాలు చచ్చి కాయ ఎక్కువ రోజులు ఉంటుంది. వంటకి వాడేవాటిని ఉత్త నీళ్ళతో తుడిచి ఆరబెట్టండి చాలు. కాయని సిమెంటు నేల మీద నేరుగా పెట్టొద్దు, కింద తడి చేరుతుంది. అట్టముక్కో, గుప్పెడు గడ్డో వేసి పెట్టండి. ఇలా నీడలో, పొడిగా ఉంచిన చెక్కని కాయ మాకు రెండు నెలల దాకా నిలిచింది. చెక్కింది మాత్రం వారం కూడా ఆగదు, కాబట్టి చెక్కడం అక్టోబర్ 29కో 30కో పెట్టుకోండి. పిల్లలు అంతకుముందే గొడవ చేస్తే చిట్టి గుమ్మళ్ళ మీద చాక్‌తో బొమ్మలు గీయనివ్వండి. రంగు వేస్తే ఆ కాయ ఇక వంటకి పనికిరాదు.

పేర్చడం: పెద్దది నేల మీద, మోపు ముందు ఒక పక్కకి. మధ్య సైజువి ఒకటి మోపు మీద, ఒకటి పెట్టె మీద. చిట్టివి మూడో ఐదో ఒక చోట గుంపుగా. బేసి సంఖ్యలో పెడితే చూపు ఒక దగ్గర ఆగుతుంది. మెట్టుకొకటి చొప్పున రెండు పక్కలా సమానంగా పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. దానికి రెట్టింపు కాయలు కావాలి, రెట్టింపు డబ్బు కావాలి. ఒక పక్కన నిండుగా, రెండో పక్కన ఒక్క కుండీతో వదిలేస్తే సగం ఖర్చుతో అంతకన్నా అందంగా ఉంటుంది.

ఉడతల సంగతి చెప్పకపోతే ఈ భాగం పూర్తవదు. కాయకి చిన్న గాటు పడితే చాలు, వాసన పట్టి తెల్లారేసరికి కన్నం పెట్టేస్తాయి. కారప్పొడి నీళ్ళలో కలిపి, వడగట్టి కాయల మీద చల్లితే కొన్నాళ్ళు దగ్గరికి రావు. వాన పడ్డాక మళ్ళీ చల్లాలి. పిల్లలు ముట్టుకునే చోట చల్లొద్దు, కళ్ళు నలుపుకుంటారు.

6. చామంతులు

ఇక్కడ మమ్స్ అని అమ్మేది మన చామంతే. రాత్రుళ్ళు పొడుగవుతున్నాయని పసిగట్టి మొగ్గ తొడిగే మొక్క ఇది, అందుకే ఈ కాలానికి పూస్తుంది. కొనేటప్పుడు అందరి కళ్ళూ విరగబూసిన కుండీ మీదకే వెళ్తాయి. అది అప్పటికే సగం జీవితం అయిపోయిన కుండీ. రంగు తెలిసేలా ఒకటి రెండు పూలు విచ్చి, మిగతావన్నీ బిగుసుకున్న మొగ్గలుగా ఉన్నది తీసుకోండి. కొమ్మలు విరిగాయేమో, కింది ఆకులు పసుపెక్కాయేమో చూడండి.

చామంతి చచ్చేది చాలా వరకు దాహంతోనే. కుండీలో వేళ్ళు ఎంత దట్టంగా నిండి ఉంటాయంటే పైన పోసిన నీళ్ళు లోపలికి ఇంకకుండా పక్కల నుంచి జారిపోతాయి. మనం నీళ్ళు పోశామనే అనుకుంటాం, వేళ్ళకి చుక్క అందదు. నా మొదటి ఏడాది కుండీలు పోయింది ఇందుకే. ఆ సంగతి చెప్పింది ఎదురింటి పెద్దావిడ. మా మెట్ల దగ్గరికి వచ్చి, ఒక కుండీని రెండు చేతులతో అలా పైకెత్తి నా చేతిలో పెట్టింది. ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. “మట్టిని చూడకమ్మా, బరువు చూడు” అంది. తర్వాత బకెట్లో నాలుగంగుళాల నీళ్ళు పట్టి కుండీని అందులో దింపింది. మట్టిలోంచి బుడగలు బుడబుడ పైకొచ్చాయి. అవి ఆగేదాకా, సుమారు అరగంట, అక్కడే ఉంచమంది. మళ్ళీ ఎత్తి చూస్తే చెయ్యి కిందికి లాగేసింది.

అప్పటినుంచి నా పద్ధతి అదే. పొద్దున కాఫీ తాగుతూ కుండీ ఎత్తి చూస్తాను, తేలిగ్గా ఉంటే బకెట్లో దింపుతాను. ఎండ గట్టిగా ఉన్న సెప్టెంబర్‌లో ఇంచుమించు రోజూ, అక్టోబర్ చివర్లో మూడు రోజులకోసారి. పూల మీద నీళ్ళు పోయొద్దు, బూజు పడుతుంది. వాడిన పూలని ఎప్పటికప్పుడు తుంచేస్తే కింది మొగ్గలు విచ్చుకుంటాయి. ఇలా చూసుకుంటే సెప్టెంబర్ మూడో వారంలో తెచ్చిన కుండీ అక్టోబర్ చివరిదాకా పూస్తూనే ఉంటుంది.

ప్లాస్టిక్ కుండీ బాగాలేదని కొత్త కుండీలు కొనొద్దు. గోనెగుడ్డ చుట్టి తాడుతో ముడి వేయండి. భారత్ నుంచి తెచ్చుకున్న పాత ఇత్తడి బిందె మూలన పడి ఉంటే కుండీని అందులో దింపండి. నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీయడం మాత్రం మరచిపోవద్దు, అడుగున నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

మేలో మీ పెరట్లో బంతి నారు పోసుకుంటే ఈ పాటికి పూలకి లోటే ఉండదు. గింజల ప్యాకెట్ రెండు డాలర్లు. అయితే బంతి మంచుకి ఆగదు, మొదటి ఫ్రాస్ట్‌తోనే నల్లబడిపోతుంది. మా వైపు అది సాధారణంగా అక్టోబర్ రెండో సగంలో పడుతుంది, డాలస్‌లో ఉండేవాళ్ళకి నవంబర్ దాకా సమయం ఉంటుంది. ఫ్రాస్ట్ వస్తుందని ఫోన్లో చూడగానే ఆ సాయంత్రం పూలన్నీ కోసేసుకోండి.

7. తలుపు: ఆకుల తోరణం

తలుపు మీద చక్రానికి తీగతో అల్లిన ఖాళీ చట్రం కొని, మీరే అలంకరించుకోండి. రెడీమేడ్ దాని ధరలో పావు వంతు కూడా అవదు. రంగురంగుల గట్టి మొక్కజొన్న కంకులు మూడు ఒక పక్కన కట్టి, చుట్టూ పైన్ కాయలు, ఎండిన నారింజ చక్రాలు గుచ్చండి. నారింజని పావంగుళం మందాన కోసి, ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నాలుగైదు గంటలు ఉంచితే ఎండిపోతుంది. మధ్యలో ఒకసారి తిప్పండి. పైన్ కాయల్ని కూడా అదే వేడిలో అరగంట ఉంచితే పురుగులు పోతాయి. ఓవెన్ వదిలి వెళ్ళొద్దు, వాటి జిగురుకి మంట అంటుకోవచ్చు.

నాకు మాత్రం చక్రం కన్నా గుమ్మానికి తోరణమే ఇష్టం. మామిడాకులు దొరకవని బెంగ అక్కర్లేదు, ఈ నెలలో మేపుల్ ఆకు ఉంది కదా. ఎండ తగ్గుతూ రాత్రులు చల్లబడేకొద్దీ ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని కింద దాక్కున్న పసుపు, నారింజ బయటపడతాయి. పగలు మంచి ఎండా రాత్రి చలీ ఉన్న ఏడాది ఎరుపు కూడా బాగా తేలుతుంది. ఆ వారం చూసుకుని, వాన లేని మధ్యాహ్నం వెళ్ళి అప్పుడే రాలిన ఆకుల్ని ఏరుకోండి. చెట్లకి పాకిన తీగ మీద మూడేసి ఆకులుగా ఎర్రగా మెరిసేది కనిపిస్తే దూరంగా ఉండండి. అది పాయిజన్ ఐవీ కావచ్చు, రాలిన ఆకు తగిలినా దద్దుర్లు వస్తాయి.

తాజా ఆకు రెండు రోజుల్లో ముడుచుకుపోతుంది. పేపర్ల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా బరువు పెట్టి పది రోజులు ఉంచండి. ఆకు చదునుగా ఆరి, రంగు చాలా వరకు నిలుస్తుంది. మామిడాకుని మడిచి చీపురుపుల్ల గుచ్చుతాం, మేపుల్‌కి అది కుదరదు, ఆకు విరుగుతుంది. దాని తొడిమ పొడుగు కాబట్టి తొడిమనే తాడుకి రెండు చుట్లు చుట్టి సన్న దారంతో కట్టేయండి. ఎరుపు, పసుపు, ఎరుపు వరసలో బెత్తెడు ఎడంగా కడితే సాయంత్రం ఎండ వెనక నుంచి పడినప్పుడు ఆకు ఈనెలన్నీ కనిపిస్తాయి. తలుపుకి మేకులు కొట్టకుండా అంటించే హుక్కులు వాడండి. అంటించే ముందు చోటు శుభ్రంగా తుడిచి ఆరనివ్వకపోతే రెండో రోజే ఊడతాయి.

8. వెలుతురు

ఒక్క వార్మ్ వైట్ ఎల్‌ఈడీ లైట్ల దండ చాలు, బయట వాడొచ్చని పెట్టె మీద రాసి ఉండాలి. చొప్ప కట్ట చుట్టూ వదులుగా చుట్టండి. నాది నాలుగేళ్ళ క్రితం నవంబర్ సేల్‌లో కొన్నది, ఇప్పటికీ వెలుగుతోంది. బయట ప్లగ్ లేకపోతే సోలార్ దండ తీసుకోండి. గడ్డి, చొప్ప ఉన్న చోట కొవ్వొత్తి వద్దు. గుమ్మడికాయలో కూడా బ్యాటరీ దీపమే పెట్టండి.

9. పండుగ పండుగకి మార్పులు

తేదీలు ఏటా జరుగుతుంటాయి కాబట్టి క్యాలెండర్ చూసుకుని మొదలుపెట్టండి. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. 2025లో దసరా అక్టోబర్ 2, దీపావళి అక్టోబర్ 20.

బతుకమ్మ, దసరా రోజుల్లో గుమ్మానికి పెరటి బంతిపూల దండ, మెట్ల ముందు చాక్‌తో ముగ్గు. ఇక్కడ తంగేడు దొరకదు. మెట్ల మీది చామంతుల్లో బాగా విచ్చిన పూలని కోస్తే బతుకమ్మ పై వరసలకి సరిపోతాయి, మొక్కకీ మంచిదే. చామంతి కొనడానికి ఇంకో కారణం దొరికింది కదా.

హాలోవీన్‌కి నేను అదనంగా ఏమీ కొనను. పాత చొక్కా, ప్యాంటులో మోపులోంచి లాగిన గడ్డి కుక్కి, తల మీద టోపీ పెట్టి దిష్టిబొమ్మని చేసి మోపు మీద కూర్చోబెడతాం. పిల్లలకి అదొక సాయంత్రం పని. పెద్ద గుమ్మడికాయ చెక్కేది అప్పుడే. చెక్కగా వచ్చిన గింజల్ని కడిగి, ఆరబెట్టి, ఉప్పూ కారం వేసి వేయిస్తే గుప్పెళ్ళతో తినేస్తారు.

దీపావళికి మాత్రం కచ్చితంగా చెప్తున్నాను: నిజమైన ప్రమిదలు వెలిగిస్తే ఆ పూట గడ్డి మోపు, చొప్ప పోర్చ్ మీద ఉండకూడదు. పెరట్లోకి జరపండి. తోరణం కూడా దీపాలకి పైన వేలాడకుండా చూసుకోండి. ఇద్దరు పట్టుకుంటే పది నిమిషాల పని. ఖాళీ అయిన చోట ముగ్గు పెద్దగా వేసుకోవచ్చు. మర్నాడు మళ్ళీ తెచ్చి పెట్టుకోండి.

థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం. హాలోవీన్ అయిపోగానే చెక్కిన కాయ, దిష్టిబొమ్మ తీసేయండి. మిగిలిన చెక్కని కాయలు, కంకులు, సొరకాయలు అలాగే ఉంటాయి. చామంతులు అప్పటికి అయిపోతాయి. నేను వాటి స్థానంలో అక్టోబర్ చివర్లో ఒక అలంకారపు క్యాబేజీ మొక్క పెడతాను, ఐదు డాలర్లు. చలి పెరిగేకొద్దీ దాని మధ్యలో ఊదా రంగు ఇంకా చిక్కబడుతుంది. అరవై దాటకూడదనుకుంటే గుమ్మళ్ళలో ఒకటి తగ్గించుకోండి.

రాత్రి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోతుందని తెలిస్తే కాయల్ని గరాజ్‌లోకి చేర్చండి. గడ్డకట్టి కరిగిన కాయ మెత్తబడిపోతుంది, ఇక తినడానికి వాడొద్దు.

10. తీసేయడం

థాంక్స్‌గివింగ్ వారాంతంలో అంతా విప్పుతాం. తినే గుమ్మళ్ళని ముందు నొక్కి చూసి, గట్టిగా ఉన్నవి వంటింట్లోకి. ఒకటి దప్పళంలోకి, ఒకటి బెల్లం వేసి తీపి కూరలోకి. మెత్తబడ్డవి, చెక్కినవి కంపోస్ట్‌లోకి. కంపోస్ట్ లేకపోతే మీ టౌన్‌షిప్ గుమ్మడికాయల్ని విడిగా తీసుకుంటుందేమో కనుక్కోండి, మామూలు చెత్తలో పడితే అది పూడ్చిన చోట మీథేన్ వాయువు అవుతుంది. తీగచక్రం, తాడు, హుక్కులు, లైట్లు ఒకే పెట్టెలో, పైన చీటీ. తోరణం ఆకులు విప్పి మళ్ళలో చల్లేయడమే.

పూలతో ఉన్న చామంతిని ఈ కాలంలో నేలలో పాతితే మా వైపు చలికి బతకడం కష్టం. నిలవాలంటే వసంతంలో నాటుకోవాలి. వీటిని వేళ్ళ మట్టితో సహా కంపోస్ట్‌లో వేసేస్తాను.

ఇక గడ్డి మోపు. నవంబర్ మొదట్లో పెరట్లో ఒక మడిలో వెల్లుల్లి రెబ్బలు మొన పైకి వచ్చేలా, రెండంగుళాల లోతున, జానెడు ఎడంగా నాటి ఉంచుతాను. మోపు తాళ్ళు కోసి, ఆ గడ్డిని మడి మీద నాలుగంగుళాల మందాన పరుస్తాను. చలికాలమంతా దానికి దుప్పటి అదే. మార్చిలో ఆ గడ్డిని తొలుచుకుని పచ్చటి మొనలు పైకొస్తాయి, జూలైలో పాయలు తవ్వుకోవచ్చు.